ఎండకీ వానకీ ‘ఇట్’ - మనిషికి కాదు

(రాత్రి బడులు నడిపే కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)

 

ఇంగ్లీషు గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. ఇంగ్లీషు గొప్పదా, తెలుగు గొప్పదా అని పంచాయితీ పెట్టడానికి నేను రాలేదు. ఆ పంచాయితీ కడుపు నిండినోళ్ళు ఎప్పటినుంచో చేస్తున్నారు. పొద్దున్నే తమ పిల్లల్ని కాన్వెంటు బస్సెక్కించి వచ్చి, తల్లి భాషను కాపాడండని మనకు చెబుతున్నారు. వాళ్ళతో కొట్లాడుకుంటూ కూర్చుంటే మనకు పొద్దు గుంకుతుంది. ఈ పూట రెండే పనులు చేద్దాం. కళ్ళ ముందున్న వస్తువు ఎట్లా ఉందో ఇంగ్లీషులో చెప్పడం ఒకటి. ఎండా, వానా, గాలీ ఎట్లా ఉన్నాయో చెప్పడం రెండోది.

ఈ రెండే ఎందుకంటారా? మన నష్టాలు చాలావరకు ఇక్కడే పుడుతున్నాయి గనక. గాలివాన వస్తుంది, ఇల్లు పోతుంది. ఆ ఇల్లు ఎట్లా పోయిందో కాగితం మీద రాసేది ఇంకొకరు. వాళ్ళు ఏ మాట రాస్తే మనకు దక్కేది అంతే. ఆ మాటేదో మనమూ చదవగలగాలి, తప్పుంటే తప్పని చెప్పగలగాలి. నేను చెప్పే వ్యాకరణం అందుకోసం.

మన నోట్లో ఉన్న ఇంగ్లీషు

రాత్రి బడికొచ్చే ముసలాయన ‘నాకు ఇంగ్లీషు ముక్క రాదు’ అంటాడు. నమ్మకండి. ‘బోల్టు లూజయింది, టైటు చెయ్యి’ అంటాడు. ‘ట్యాంకు ఫుల్లయింది’ అంటాడు. ‘టీ స్ట్రాంగ్‌గా పెట్టు’, ‘బస్సు లేటు’ అంటాడు. లూజ్, టైట్, ఫుల్, స్ట్రాంగ్, లేట్ - ఇవన్నీ వస్తువు ఎట్లా ఉందో చెప్పే మాటలే. బడిలో వీటిని విశేషణాలంటారు. పేరు తెలియకపోయినా మాట తెలుసు గదా! అక్కణ్ణుంచే మొదలుపెట్టండి. ‘ఎ ఫర్ యాపిల్’ తో కాదు. మన గూడెంలో యాపిల్ చెట్టు ఎక్కడుంది? డప్పు ఉంది - డ్రమ్. గొడ్డలి ఉంది - యాక్స్. కుండ ఉంది - పాట్. తాడు ఉంది - రోప్. గోడ ఉంది - వాల్. కప్పు ఉంది - రూఫ్. బావి ఉంది - వెల్. చేత్తో పట్టుకుని చూపించగల వస్తువులతో మొదలుపెట్టండి.

వాటి పక్కన జంటలు జంటలుగా విశేషణాలు పెట్టండి. పెద్ద, చిన్న - బిగ్, స్మాల్. కొత్త, పాత - న్యూ, ఓల్డ్. బరువు, తేలిక - హెవీ, లైట్. తడి, పొడి - వెట్, డ్రై. లోతు - డీప్. పగిలింది - బ్రోకెన్. బీటలు వారింది - క్రాక్డ్. ఇట్లాంటివి ఇరవై మాటలు వస్తే ఒక ఇంటిని మొత్తం వర్ణించొచ్చు.

ఇక్కడ మనకు రెండు సుళువులున్నాయి. మొదటిది, విశేషణం తెలుగులో లాగే ముందొస్తుంది. ‘పాత ఇల్లు’ అన్నట్టే ‘ఓల్డ్ హౌస్’. రెండోది, తెలుగులో పెద్దది, పెద్దవి, పెద్దవాడు, పెద్దామె అని మాట చివర మారుతూ పోతుంది. ఇంగ్లీషులో అదేం లేదు. ఒక కుండైనా, పది కుండలైనా, మనిషైనా ‘బిగ్’ అంటే ‘బిగ్’ అంతే. ‘బిగ్ పాట్, బిగ్ పాట్స్’. ‘బిగ్స్ పాట్స్’ అని ఎవరైనా రాస్తే దిద్దండి, నవ్వకండి.

కష్టం ఒక్కచోట ఉంది. ‘ఈ బావి లోతు’ అంటే తెలుగులో వాక్యం అయిపోయింది. ఇంగ్లీషులో అవ్వదు. మధ్యలో ‘ఈజ్’ అనే చిన్న మేకు కొట్టాలి. ‘దిస్ వెల్ ఈజ్ డీప్.’ ఎక్కువ ఉంటే ‘ఆర్’. ‘దీజ్ వెల్స్ ఆర్ డీప్.’ జరిగిపోయిన సంగతి అయితే ‘వాజ్’, ‘వర్’. ‘ది వాల్ వాజ్ స్ట్రాంగ్. నౌ ఇట్ ఈజ్ క్రాక్డ్.’ గోడ గట్టిగానే ఉండేది, ఇప్పుడు బీటలు వారింది. ఆ ‘వాజ్’ కూ ‘ఈజ్’ కూ మధ్యలోనే తుఫాను ఉంది. అందుకే ఈ రెండు మాటల తేడా పిల్లలకు బాగా పట్టించండి.

లేదు అని చెప్పడానికి ‘నో’. ‘దేర్ ఈజ్ నో వాటర్ ఇన్ ది ట్యాంక్.’ ‘దేర్ ఈజ్ నో రోడ్ టు ది గ్రేవ్‌యార్డ్.’ శ్మశానానికి దారి లేదు. ఎన్ని అర్జీలకు పనికొచ్చే వాక్యాలో చూడండి.

‘ఎ’, ‘ది’ అనేవి మన పిల్లల్ని ఏడిపిస్తాయి. వాటిని ఇట్లా చెప్పండి. ‘వియ్ వాంట్ ఎ బోర్‌వెల్’ అంటే ఏదో ఒక బోరు వేయించండని. ‘ది బోర్‌వెల్ ఈజ్ డ్రై’ అంటే మీకూ మాకూ తెలిసిన ఆ బోరే, మీరు బిల్లు రాసుకున్న ఆ బోరే ఎండిపోయిందని. తెలియనిదానికి ‘ఎ’, తెలిసినదానికి ‘ది’.

ఒక్క మాట ఖరీదు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. విపత్తు వచ్చినప్పుడు ఇచ్చే సాయానికి 2022-23 నుంచి 2025-26 వరకు అని కేంద్ర ప్రభుత్వం రేట్లు పెట్టింది. మైదాన ప్రాంతంలో ‘ఫుల్లీ డ్యామేజ్డ్’ ఇంటికి 1,20,000 రూపాయలు. ‘పార్షియల్లీ డ్యామేజ్డ్’ అయితే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. అదీ నూటికి 15 వంతులైనా పాడైతేనే. ఇల్లు కాదు ‘హట్’ అని రాస్తే, అంటే గుడిసె అని రాస్తే, 8,000.

బాగా వినండి. ‘ఫుల్లీ’ అంటే పూర్తిగా. ‘పార్షియల్లీ’ అంటే కొంత. ఈ రెండు మాటల మధ్య లక్ష రూపాయల పైన తేడా ఉంది. ‘హౌస్’ కూ ‘హట్’ కూ మధ్య కూడా అంతే. ఆ నిబంధనల్లో గుడిసె అంటే గడ్డితోనో, మట్టితోనో, ప్లాస్టిక్ పట్టాలతోనో వేసుకున్న తాత్కాలికమైనది, కచ్చా ఇంటికన్నా నాసిరకంది అని రాసి ఉంది. మట్టి గోడలు పెట్టి, దూలం వేసి, తాటాకు కప్పి, ఇరవై ఏళ్ళు కాపురం చేసిన ఇల్లు తాత్కాలికమా? రాసేవాడు వీధి మొదట్లో నిలబడి చూస్తే తాటాకు మాత్రమే కనిపిస్తుంది. లోపలికి తీసుకుపోయి గోడలు చూపించేది మనం. పక్కనుండి చెప్పేదీ మనమే.

ఎట్లా చెప్పాలి? ‘వెరీ బ్యాడ్, వెరీ పూర్’ అంటే లాభం లేదు. దాంతో జాలి పుడుతుందేమో గానీ లెక్క పుట్టదు. ఉన్నది ఉన్నట్టు, కొలిచి చెప్పాలి. ‘ది వాల్స్ ఆర్ మడ్. ది రూఫ్ ఈజ్ పామ్ లీఫ్. ది హౌస్ ఈజ్ ట్వెంటీ ఇయర్స్ ఓల్డ్. ఇట్ హ్యాజ్ ఎ డోర్ నంబర్. త్రీ వాల్స్ ఫెల్ డౌన్. ది రూఫ్ ఈజ్ గాన్.’ ఆరు చిన్న వాక్యాలు. ఏ వాక్యంలోనూ ఆరేడు మాటలకు మించి లేవు. తేదీ వేసి, సంతకం పెట్టి ఇస్తే అది సాక్ష్యం. తెలుగులో ఇచ్చినా చెల్లుతుంది, తెలుగులోనే ఇవ్వండి. కానీ వాళ్ళు రాసుకున్న జాబితాలో మన పేరు ఎదురుగా ‘ఫుల్లీ’ ఉందా, ‘పార్షియల్లీ’ ఉందా, ‘హట్’ ఉందా అని చదవడం మనకు రావాలి.

వాన కురిపించే ‘ఇట్’ ఎవరు?

ఇప్పుడు వాతావరణం. వెదర్ అంటారు. మన తెలుగు ఇక్కడ మహా గడుసుది. ఎండ కాస్తుంది, వాన కురుస్తుంది, గాలి వీస్తుంది, చలి వేస్తుంది, ఉక్క పోస్తుంది, మబ్బు పడుతుంది. ఒక్కోదానికి ఒక్కో క్రియ. ఇంగ్లీషువాడు వీటన్నిటికీ ఒకే పనిమంతుణ్ణి పెట్టుకున్నాడు. వాడి పేరు ‘ఇట్’.

‘ఇట్ ఈజ్ రెయినింగ్.’ వాన పడుతోంది. ‘ఇట్ ఈజ్ హాట్.’ ఎండగా ఉంది. ‘ఇట్ ఈజ్ కోల్డ్.’ చలిగా ఉంది. ఎవరీ ‘ఇట్’ అని పిల్లలడుగుతారు. ఎవరూ కాదు. ఇంగ్లీషు వాక్యంలో మొదటి పీట ఖాళీగా ఉండకూడదు. వానకు కర్త ఎవరో చెప్పలేక ఆ పీట మీద ‘ఇట్’ అనే గడ్డిబొమ్మను కూర్చోబెట్టారు. అంతే దాని కథ.

వెదర్ మాటలు చాలావరకు ఒకే సూత్రంతో పుడతాయి. రెయిన్ - రెయినీ. సన్ - సన్నీ. క్లౌడ్ - క్లౌడీ. విండ్ - విండీ. ఫాగ్ - ఫాగీ. మాట చివర ఒక ‘ఈ’ తగిలిస్తే ‘ఇట్ ఈజ్’ వెనక పెట్టుకోవచ్చు. హాట్, కోల్డ్, వెట్, డ్రై లకు అది అక్కర్లేదు. తుంపర పడితే డ్రిజిల్. వడగళ్ళు పడితే హెయిల్. పిడుగు పడితే లైట్నింగ్. ఉరిమితే థండర్. ఉక్కపోతగా ఉంటే హ్యూమిడ్. ‘ఎండ’ అనే మాటకు మాత్రం సరిగ్గా సరిపోయే ఒక్క మాట ఇంగ్లీషులో లేదు. ‘సన్’ అంటే సూర్యుడు, ‘హీట్’ అంటే వేడి. మన ఎండ ఆ రెండింటి మధ్య ఉంటుంది. ముసురు, తొలకరి, రోహిణి ఎండలు అనే మాటలు కూడా మన దగ్గరే ఉన్నాయి. ఇంగ్లీషు నేర్చుకోవడమంటే వీటిని పారేసుకోవడం కాదని పిల్లలకు చెప్పండి.

‘వెరీ’ వేరు, ‘టూ’ వేరు. ‘ఇట్ ఈజ్ వెరీ హాట్’ అంటే ఎండ చాలా ఉంది. ‘ఇట్ ఈజ్ టూ హాట్ టు వర్క్’ అంటే పని చేయలేనంత ఉంది. మొదటిది కబురు. రెండోది మన డిమాండు. 2015 మే నెలలో వడగాడ్పులకు తెలుగు రాష్ట్రాలు రెండింటిలో కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళ కన్నా ఎండలో మట్టి మోసేవాళ్ళకే ఆ గండం ఎక్కువ. ఆ రెండో వాక్యాన్ని అన్ని భాషల్లోనూ నేర్చుకోండి.

హెచ్చరికలో ఉండే మాటలు

ఇప్పుడు ప్రతి ఇంట్లో సెల్‌ఫోను ఉంది. వాతావరణ శాఖ హెచ్చరికలు దాంట్లోకే వస్తాయి. తెలుగులోనూ ఇస్తారు. కానీ వివరంగా ఉండే బులెటిన్ ఇంగ్లీషులో ఉంటుంది. అందులోని మాటలు మామూలు మాటల్లా కనిపిస్తాయి, కానీ వాటి వెనక కొలతలున్నాయి.

‘హెవీ రెయిన్’ అంటే ఊరికే పెద్ద వాన అని కాదు. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 దాకా. ‘వెరీ హెవీ’ అంటే 115.6 నుంచి 204.4 దాకా. అంతకు మించితే ‘ఎక్స్‌ట్రీమ్లీ హెవీ’. వాగు ఒడ్డున ఉండే వాడకు మూడో మాట వినపడిందంటే కదలాల్సిందే. ‘లైక్లీ’ అంటే పడొచ్చు. ‘వెరీ లైక్లీ’ అంటే పడే అవకాశం ఇంకా ఎక్కువ. ‘ఐసోలేటెడ్ ప్లేసెస్’ అంటే అక్కడక్కడ. మన ఊళ్ళో పడలేదని హెచ్చరిక అబద్ధం అనుకోవద్దు.

రంగులు కూడా ఉన్నాయి. గ్రీన్ అంటే భయం లేదు. ఎల్లో అంటే కనిపెట్టుకుని ఉండు. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండు. రెడ్ అంటే ఇక పని మొదలుపెట్టు. ఈ నాలుగూ రాత్రి బడి గోడ మీద రంగులతోనే రాయండి. చదువురాని అవ్వకు కూడా అందుతుంది.

గాలి వేగాన్ని బట్టి పేర్లు మారతాయి. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లయితే ‘డిప్రెషన్’, మనం వాయుగుండం అంటాం. 62 దాటితే ‘సైక్లోనిక్ స్టార్మ్’, తుఫాను. ‘సైక్లోన్’ అనే మాట పుట్టింది కూడా మన బంగాళాఖాతం తుఫానుల దగ్గరే. కలకత్తాలో పనిచేసిన హెన్రీ పిడింగ్టన్ అనే ఇంగ్లీషువాడు 1840ల్లో ఆ పేరు పెట్టాడు. చుట్ట చుట్టుకున్న పాము అనే గ్రీకు మాట నుంచి తీసుకున్నాడు.

బులెటిన్‌లో అన్నిటికన్నా భయపడాల్సిన మాట ఇంకొకటుంది. ‘స్టార్మ్ సర్జ్.’ ఉప్పెన. 1977 నవంబరు 19న దివిసీమలో జనాన్ని గాలి కన్నా ఎక్కువగా చంపింది అదే. సముద్రం అయిదు మీటర్ల ఎత్తున లేచి ఊళ్ళ మీదికొచ్చింది. దాదాపు పదివేలమంది పోయారు. బులెటిన్‌లో ‘స్టార్మ్ సర్జ్ ఆఫ్ వన్ మీటర్ ఎబోవ్ ఆస్ట్రనామికల్ టైడ్’ అని ఉంటుంది. అంటే మామూలుగా వచ్చే పోటు మీద ఇంకో మీటరు నీళ్ళు. తీరంలో పల్లపు భూమి ఎవరికిచ్చారు? మన కాలనీలు ఎక్కడున్నాయి? ఆ వాక్యం ముందుగా అర్థం కావాల్సింది ఎవరికో మీరే చెప్పండి.

‘అది’ అనిపించుకున్నవాళ్ళం

ఇంతసేపూ వస్తువుకు ‘ఇట్’, వానకు ‘ఇట్’ అని చెప్పుకున్నాం. ఇప్పుడు మనిషి దగ్గరికి వద్దాం.

తెలుగులో ‘ఆవు వచ్చింది’, ‘వాన వచ్చింది’, ‘అమ్మ వచ్చింది’. మూడింటికీ ఒకే క్రియ. మగవాడికి మాత్రం ‘వచ్చాడు’. మన పాత వ్యాకరణాల్లో మగవాళ్ళను చెప్పే మాటలకు మహత్తులని పేరు. మిగతావి అమహత్తులు. ఆడమనిషిని ఏకవచనంలో గొడ్డుతో, గోడతో కలిపి ఆ గుంపులోనే వేశారు. బహువచనంలో ‘వాళ్ళు వచ్చారు’ అన్నప్పుడే ఆడవాళ్ళు మనుషుల్లో కలుస్తారు. అంటే నలుగురు కలిస్తేనే లెక్క!

వ్యాకరణం మీదికి కులం ఎక్కి కూర్చుంది. పెద్దింటి ఆవిడ అయితే ‘ఆమె గారు వచ్చారు’. మన వాడలో డెబ్బై ఏళ్ళ అవ్వ అయితే, పెత్తందారు ఇంటి పదేళ్ళ పిల్లోడు ‘అది వచ్చిందా?’ అంటాడు. మన తాతను ‘వాడు’, ‘ఒరేయ్’ అంటాడు. మీరు, నువ్వు, రా, రావే, రండి - ఎవరిని ఏమనాలో ఊరు ముందే పంచిపెట్టేసింది.

ఇంగ్లీషులో మగవాడికి ‘హి’. ఆడమనిషికి ‘షి’. ఆమె కలెక్టరైనా, కలుపు తీసే మనిషైనా ‘షి’. ఎదుటివాళ్ళకు ‘యు’. దొరకూ ‘యు’, జీతగాడికీ ‘యు’. ‘ఇట్’ అనేది రాయికి, రప్పకు, ఎండకు, వానకు. తలుపు కొట్టినప్పుడు ‘హూ ఈజ్ ఇట్?’ అంటారు, అది ఎవరో తెలియనంతసేపే. తెలిశాక ‘హి’ నో ‘షి’ నో అనాల్సిందే. రాత్రి బడిలో ఈ పాఠం వచ్చిన రోజు తొందరపడకండి. ప్రతి అవ్వ పేరూ పలకలమీద రాయించి, దాని కింద ‘షి’ అని రాయించండి.

అయితే ఇంగ్లీషును గుళ్ళో పెట్టి మొక్కొద్దు. డప్పు కొట్టే తమిళ పరయర్ల పేరునే తీసుకుని ఇంగ్లీషువాడు ‘పరయా’ అనే మాట చేసుకున్నాడు, వెలివేసినవాడు అనే అర్థంలో ఇప్పటికీ వాడుతున్నాడు. అమెరికాలో తెల్లవాళ్ళు తల నెరిసిన నల్ల మనిషిని కూడా ‘బాయ్’ అని పిలిచారు. ‘యు’ ఒకటే ఉన్నంత మాత్రాన మనుషులు ఒకటైపోలేదు. భాష ఒక పనిముట్టు. కొడవలి లాంటిది. పట్టుకున్నవాడి చేతిని బట్టి కోస్తుంది.

బాబాసాహెబ్ ఏం చేశాడో చూడండి. దేశంతో, ప్రభుత్వంతో వాదించడానికి ఇంగ్లీషులో రాశాడు. 1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో ఇంగ్లీషులో మాట్లాడాడు. తన జనంతో మాట్లాడటానికి 1920లో ‘మూక్‌నాయక్’, 1927లో ‘బహిష్కృత్ భారత్’ మరాఠీలో పెట్టాడు. రెండు భాషలూ పట్టుకున్నాడు, దేన్నీ వదల్లేదు. మనకు అదే దారి. ‘అది’ అనే పిలుపును తెలుగులోనే ఎదిరించాలి. ‘ఫుల్లీ’ అనే మాటను ఇంగ్లీషులోనే చదవాలి.

బడి సంగతి కూడా ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులన్నిటినీ ఇంగ్లీషు మీడియంలోకి మారుస్తూ 2019లో ఉత్తర్వులిస్తే 2020లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణలో 2022లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టారు. కోర్టులూ ప్రభుత్వాలూ తేల్చేదాకా మన రాత్రి బడి ఆగక్కర్లేదు.

చేయాల్సిన పని

ఇక్కణ్ణుంచి వెళ్ళాక నాలుగు పనులు చేయండి. ఒకటి, రోజూ సాయంత్రం నల్లబల్ల మీద ‘టుడే ఇట్ ఈజ్...’ అని రాసి ఖాళీ వదలండి. సన్నీ, క్లౌడీ, హాట్, హ్యూమిడ్ - పిల్లలు ఆకాశం చూసి నింపాలి. రెండు, ఫోనుకొచ్చిన హెచ్చరికను చదివించి, రంగు చెప్పించి, వాడలో ఇంటింటికీ చెప్పి రమ్మనండి. మూడు, ఏ తుఫానూ రాకముందే, ప్రతి పిల్లా తన ఇంటిని కొలిచి, ఆరు ఇంగ్లీషు వాక్యాల్లో రాయాలి. గోడలు ఏవి, కప్పు ఏది, ఎన్నేళ్ళ ఇల్లు, ఎన్ని అడుగులు. ఎదుటి పేజీలో అదే తెలుగులో రాయించండి. ఆ నోటుబుక్కు రేషను కార్డు దాచినచోట దాయమనండి. నాలుగు, బడిలో అవ్వల్నీ తాతల్నీ అమ్మల్నీ ‘మీరు’ అని పిలవండి. పిల్లలు వింటారు, నేర్చుకుంటారు.

ఈసారి జాబితా రాయడానికి ఎవరైనా వస్తే, మన పిల్ల ఒకతె పక్కన నిలబడి, ‘సార్, ఇది హట్ కాదు, హౌస్. పార్షియల్లీ కాదు, ఫుల్లీ’ అని చెప్పగలిగితే ఈ తరగతి పెట్టినందుకు ఫలితం దక్కినట్టే.

జై భీమ్!